ముంబైలో అద్దె నియంత్రణ - ఆదాయ వర్గాల నివాసం

అద్దె నియంత్రణ అనగా ఇంటి యజమాని తన ఇష్టప్రకారం అద్దె పెంచకుండా, తగిన కారణం లేకుండా అద్దెదారుని ఖాళీ చేయించకుండా ప్రభుత్వం చట్టం ద్వారా విధించే కట్టుబాటు. ప్రపంచంలోని అనేక నగరాలలో ఇటువంటి చట్టాలు ఉన్నాయి. భారతదేశంలో వీటి ప్రభావం అత్యంత స్పష్టంగా కనిపించే నగరం ముంబై (1995 వరకు అధికారిక నామం బొంబాయి). ఇక్కడి పాత భవనాలలో 1940 నాటి అద్దెలు దాదాపు అరవై సంవత్సరాల పాటు కదలకుండా నిలిచిపోయాయి. ఏ ఆదాయం గలవారు నగరంలో ఎక్కడ ఉండాలన్నది సాధారణంగా అద్దెల మార్కెట్టు నిర్ణయిస్తుంది. ముంబై దక్షిణ భాగంలో మాత్రం ఆ కుటుంబం సంపాదన కంటే, ఆ కుటుంబం ఆ ఇంటిలో చేరిన తేదీ ఎక్కువ ముఖ్యమైనది.

నేపథ్యం

బొంబాయి ద్వీప నగరం మూడు వైపుల సముద్రం గల సన్నని భూభాగం. పందొమ్మిదవ శతాబ్దం ద్వితీయార్ధంలో నూలు మిల్లుల స్థాపనతో కొంకణ్, దక్కన్ ప్రాంతాల నుండి కార్మికులు పెద్ద సంఖ్యలో వచ్చి చేరారు. వీరి కోసం మిల్లు యజమానులు, ప్రైవేటు గృహస్థులు, ప్రభుత్వ సంస్థలు "చాల్" అనబడే భవనాలను కట్టించారు. మూడు నాలుగు అంతస్తులు, ప్రతి అంతస్తులో పొడవైన వరండా, వరండా వెంట వరుసగా ఒంటి గదులు, చివర ఉమ్మడి మరుగుదొడ్లు, ఇదీ చాల్ స్వరూపం. ఒక్కొక్క గదిని "ఖోలీ" అంటారు. ఒక ఖోలీలో ఒక కుటుంబం ఉండటం పరిపాటి. ఊరిలో భార్యాబిడ్డలను ఉంచి వచ్చిన కార్మికులైతే ఒకే గదిని పలువురు పంచుకొని, పాళీల ప్రకారం వంతులవారీగా నిద్రించేవారు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇళ్ళ కొరత తీవ్రమై అద్దెలు పెరగడంతో 1918లో బొంబాయిలో మొదటి అద్దె చట్టం వచ్చింది. అది కొంతకాలానికి రద్దయినది. రెండవ ప్రపంచయుద్ధం మొదలైన 1939లో మరల అద్దెలపై ఆంక్షలు విధించబడ్డాయి. యుద్ధం ముగిసినా కొరత తీరలేదు. దేశ విభజన వలన సింధు, పంజాబు ప్రాంతాల నుండి శరణార్థులు రావడంతో పరిస్థితి మరింత క్లిష్టమైనది.

1947 చట్టం

1947లో చేసిన "బొంబాయి అద్దెలు, హోటలు మరియు లాడ్జింగు గృహాల రేట్ల నియంత్రణ చట్టం" 1948 ఫిబ్రవరి 13 నుండి అమలులోకి వచ్చింది. దీని కీలకం "ప్రామాణిక అద్దె" అనే భావన. 1940 సెప్టెంబరు 1 నాడు ఆ ఇంటికి ఎంత అద్దె ఉన్నదో అదే ప్రామాణిక అద్దె. ఆ తరువాత మొదటిసారి అద్దెకిచ్చిన ఇళ్ళకు, మొదట ఇచ్చిన నాటి అద్దె ప్రామాణికం. పన్నుల పెరుగుదల వంటి కొద్దిపాటి అంశాలను మాత్రమే యజమాని అదనంగా రాబట్టుకొనగలడు. ధరలు ఎంత పెరిగినా అద్దె పెరగదు.

చట్టంలోని రెండవ భాగం ఖాళీ చేయించడానికి సంబంధించినది. అద్దె చెల్లించకపోవడం, అనుమతి లేకుండా వేరొకరికి ఇవ్వడం, యజమానికి నిజమైన అవసరం ఉండటం వంటి కారణాలపై మాత్రమే స్మాల్ కాజెస్ కోర్టు ద్వారా ఖాళీ చేయించవచ్చు. అద్దెదారు మరణిస్తే అతనితో కలసి ఉంటున్న కుటుంబసభ్యునికి అద్దె హక్కు సంక్రమిస్తుంది. ఈ వ్యాజ్యాలు తరం నుండి తరానికి సాగడం అసాధారణం కాదు.

ఇది తాత్కాలిక చట్టంగా వచ్చింది. అయినా గడువు ముగిసినప్పుడల్లా పొడిగించబడుతూ ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు నిలిచింది. అద్దెదారుల సంఖ్య యజమానుల సంఖ్యకంటే అనేక రెట్లు ఎక్కువ కావడం దీనికి ప్రధాన కారణమని చెప్పవచ్చు.

పగడీ పద్ధతి

అద్దె నామమాత్రమైనప్పుడు అద్దె హక్కుకే విలువ ఏర్పడుతుంది. కొత్తగా గదిలో చేరే వ్యక్తి, వెళ్ళిపోయే అద్దెదారునికి ఒకేసారి పెద్ద మొత్తం చెల్లిస్తాడు. అందులో కొంత భాగం, తరచు మూడవ వంతు వరకు, యజమానికి ముట్టుతుంది. యజమాని కొత్త వ్యక్తి పేరున రసీదు మారుస్తాడు. ఆ తరువాత నెలనెలా పాత అద్దెయే. ఈ మొత్తాన్ని "పగడీ" (తలపాగా అని అర్థం) అంటారు. 1947 చట్టం ప్రకారం ఇది నేరం. అయినా నగరమంతటా బహిరంగంగానే జరిగేది, మొత్తం నగదు రూపంలో చేతులు మారేది.

ఆదాయ వర్గాల నివాసంపై పగడీ ప్రభావం గమనించదగినది. పేదవాని ఆదాయానికి తగిన నెల అద్దె గల గది నగరంలో ఉన్నది, కాని ఆ గది గుమ్మం దాటడానికి కావలసిన పగడీ అతని వద్ద లేదు. అందువలన చట్టం అద్దెలను చౌకగా ఉంచినప్పటికీ, ఆ చౌక అప్పటికే లోపల ఉన్నవారికి మాత్రమే దక్కింది. బయట ఉన్నవారికి ప్రవేశ రుసుము రూపంలో మార్కెట్టు ధర మరల ఎదురైనది.

గిరణ్‌గావ్ - కార్మికుల పేటలు

పరేల్, లాల్‌బాగ్, వర్లీ, ప్రభాదేవి, బైకుల్లా తదితర ప్రాంతాలను కలిపి "గిరణ్‌గావ్" (మిల్లుల ఊరు) అంటారు. అద్దె నియంత్రణ వలన అత్యధిక మేలు పొందిన పేటలు ఇవే. మిల్లు కార్మికులు పనిచేసే చోటికి నడచిపోగల దూరంలో నివసించగలిగారు. మహానగర కేంద్రంలో శ్రామిక వర్గం ఇంత పెద్ద సంఖ్యలో ఇన్ని దశాబ్దాలు నిలవడం స్వేచ్ఛా మార్కెట్టులో సాధ్యమయ్యేది కాదు.

ఈ పేటలలో తెలుగువారు కూడా గణనీయంగా ఉండేవారు. నిజాం రాజ్యంలోని తెలంగాణ ప్రాంతం నుండి భవన నిర్మాణ పనులకు వలస వచ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపుర ఏర్పడినది. తరువాతి కాలంలో మిల్లులలో మగ్గాలపై పనిచేయడానికి వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతాల చాళ్ళలో స్థిరపడ్డారు. మూడు నాలుగు తరాలుగా ఒకే ఖోలీలో కొనసాగిన తెలుగు కుటుంబాలు ఉన్నాయంటే దానికి ఈ చట్టమే ముఖ్య కారణం.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ప్రారంభమైన మిల్లుల సమ్మెలో సుమారు 2.5 లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. సమ్మె తరువాత మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. జీతాలు పోయాయి, గదులు మాత్రం మిగిలాయి. సాధారణంగా ఉపాధి పోయిన కుటుంబం మొదట కోల్పోయేది ఇంటిని. ఇక్కడ అట్లు జరగలేదు. వాచ్‌మన్ పని, వీధి వ్యాపారం, స్త్రీలు ఇంటి వద్ద నడిపే భోజనాల "ఖానావళ్" వంటి చిన్న సంపాదనలతో ఆ కుటుంబాలు కేంద్రంలోనే నిలదొక్కుకున్నాయి. ఆ పిల్లలు మునిసిపల్ పాఠశాలలు, పెద్ద ఆసుపత్రులు, కళాశాలలు దగ్గరగా ఉన్న చోట పెరిగారు. అద్దె నియంత్రణను కేవలం ఆర్థిక నష్టంగా లెక్కించే రచనలలో ఈ విషయం తరచు కనిపించదు.

మరొకవైపు, గది పెరగలేదు, కుటుంబం పెరిగింది. కొడుకులకు పెళ్ళిళ్ళయిన తరువాత ఒకరు ఖోలీలో ఉండి, మిగిలినవారు డోంబివలి, కల్యాణ్, విరార్ వంటి దూరపు శివార్లకు తరలి లోకల్ రైళ్ళలో పనికి వచ్చేవారు. గిర్‌గావ్‌లోని మరాఠీ మధ్యతరగతి ఇట్లే క్రమంగా శివార్లకు చెదిరినది. చట్టం ఒక కుటుంబానికి ఒక గదిని కాపాడగలిగినది, రెండవ గదిని సమకూర్చలేకపోయినది.

సంపన్నుల పేటలు

1947 చట్టం అద్దెదారుని ఆదాయాన్ని చూడలేదు. మెరైన్ డ్రైవ్, కొలాబా, మలబార్ హిల్ ప్రాంతాలలో 1930, 1940 దశకాలలో కట్టిన విశాలమైన ఫ్లాట్లకు కూడా ఇదే చట్టం వర్తించినది. సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద ఫ్లాటులో ఉన్నత ఆదాయ కుటుంబం నెలకు కొన్ని వందల రూపాయల అద్దెతో ఉండటం, ఆ భవన యజమాని కుటుంబం దానికంటే సామాన్యమైన ఇంటిలో ఉండటం ఇక్కడ వింత కాదు. ఆనాడు అద్దెకు తీసుకున్న వ్యాపార సంస్థలు, బ్యాంకులు కూడా దశాబ్దాల పాటు ఈ రాయితీ అనుభవించాయి. రాయితీ విలువ మార్కెట్టు అద్దెకు, చెల్లించే అద్దెకు మధ్య గల తేడా కనుక, ఒంటి గది చాల్ కంటే సముద్రతీరపు ఫ్లాటులో అది అనేక రెట్లు ఎక్కువ. పేదల పేరున వచ్చిన చట్టం నుండి రూపాయలలో ఎక్కువ లబ్ధి పొందినవారు పేదలు కారు.

కొత్తగా వచ్చినవారు

పాత అద్దెలు కదలకపోవడంతో అద్దె కోసం ఇల్లు కట్టడం లాభసాటి కాని వ్యాపారమైనది. 1950ల తరువాత ముంబైలో ప్రైవేటు నిర్మాణం ఎక్కువగా అమ్మకానికి ఉద్దేశించిన ఫ్లాట్లు, సహకార గృహ సంఘాల వైపు మళ్ళినది. కొనుగోలుకు డబ్బు, పగడీకి నగదు లేనివారికి మురికివాడ మిగిలినది. 2011 జనాభా లెక్కల ప్రకారం బృహన్ముంబైలో సుమారు 52 లక్షల మంది, అనగా జనాభాలో 41 శాతానికి పైగా, మురికివాడలలో నివసిస్తున్నారు. అక్కడ కూడా చాలామంది అద్దెకే ఉంటారు, కాని ఆ అద్దెకు ఏ చట్టమూ కావలి లేదు.

దీనికి అద్దె చట్టం ఒక్కటే కారణమనడం సరికాదు. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం (మహారాష్ట్రలో 2007లో రద్దు), స్థలంతో పోల్చి ఎంత విస్తీర్ణంలో కట్టవచ్చునో తెలిపే ఎఫ్.ఎస్.ఐ. పరిమితులు, సన్నని భూభాగం, ఇవన్నీ కలసి ఇళ్ళ సరఫరాను బిగించాయి. ద్వీప నగర జనాభా 2001లో సుమారు 33.4 లక్షలు ఉండగా 2011 నాటికి 30.9 లక్షలకు తగ్గినది. అదే కాలంలో శివారు జిల్లా జనాభా 86.4 లక్షల నుండి 93.6 లక్షలకు పెరిగినది. కేంద్రంలో పాత అద్దెదారులు, మధ్యలో మురికివాడలు, అంచున ఫ్లాటు కొనుక్కున్న మధ్యతరగతి అనే స్థూల చిత్రం ఈ విధంగా ఏర్పడినది.

ఒక విచిత్రమైన అంశం ఏమనగా, ఇళ్ళ కొరత గల ఈ నగరంలోనే 2011 లెక్కలలో సుమారు 4.8 లక్షల ఇళ్ళు ఖాళీగా నమోదైనవి. దేశంలోని నగరాలన్నిటిలో ఇది అత్యధికం. ఇచ్చిన ఇల్లు తిరిగి రాదన్న భయం దీనికి ఒక కారణమని సాహిల్ గాంధీ, రిచర్డ్ గ్రీన్, శావన్లీ పత్రనబీస్ 2022లో ప్రచురించిన పరిశోధన సూచించినది.

అద్దెకిచ్చే యజమానులు చట్టాన్ని తప్పించుకోవడానికి "లీవ్ అండ్ లైసెన్స్" ఒప్పందాన్ని ఆశ్రయించారు. ఇందులో చేరినవాడు అద్దెదారు కాడు, కేవలం అనుమతి పొందినవాడు. సాధారణంగా గడువు 11 నెలలు. దీనిని చూసి 1973లో చట్టాన్ని సవరించి, ఆ సంవత్సరం ఫిబ్రవరి 1 నాటికి నివాసమున్న లైసెన్సుదారులను అద్దెదారులుగా గుర్తించారు. ఆ తేదీ తరువాత వచ్చినవారికి ఆ రక్షణ లేదు. ఏటేటా ఇల్లు మారే ఈ వర్గంలోనే మతం, కులం, మాంసాహారం, అవివాహిత స్థితి వంటి కారణాలతో ఇల్లు నిరాకరించబడేవారు ఎక్కువగా కనిపిస్తారు.

1940 సెప్టెంబరు 1, 1973 ఫిబ్రవరి 1, ఆ తరువాత మురికివాడల పునరావాసానికి అర్హతగా నిర్ణయించిన 1995 జనవరి 1, దానిని మార్చి ప్రకటించిన 2000 జనవరి 1 - ముంబైలో ఇంటి హక్కు చరిత్రను ఈ తేదీల ద్వారానే చెప్పవచ్చు. ఒక్కరోజు ఆలస్యంగా వచ్చిన కుటుంబం, ఎంత పేదదైనా, గీతకు అవతలనే ఉంటుంది.

శిథిల భవనాలు

అద్దె రాబడి మరమ్మతు ఖర్చుకు చాలకపోవడంతో యజమానులు భవనాలను పట్టించుకోవడం మానివేశారు. భవనాలు కూలడం తరచు కావడంతో 1969లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసి, పాత భవనాలపై "సెస్" అనే పన్ను వసూలు చేసి, ఒక మండలి ద్వారా మరమ్మతులు చేయించే ఏర్పాటు చేసినది. అప్పుడు గుర్తించిన 19,642 భవనాలలో 16,502 భవనాలు 1940 సెప్టెంబరుకు ముందు కట్టినవి. తరువాత ఈ బాధ్యత 1976 చట్టం క్రింద ఏర్పడిన మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు చేరినది.

మరమ్మతు మండలి ఉన్నప్పటికీ ప్రమాదాలు ఆగలేదు. 2017 ఆగస్టు 31న భేండీ బజారు ప్రాంతంలోని హుసైనీ భవనం కూలి 33 మంది మరణించారు. భవనం ప్రమాదకరమని తెలిసినా అద్దెదారులు కదలకపోవడానికి కారణం ఉన్నది. ఖాళీ చేస్తే తాత్కాలిక శిబిరానికి పోవాలి. ఆ శిబిరాలలో సంవత్సరాల తరబడి ఉండిపోయిన కుటుంబాలను వారు చూచి ఉన్నారు. తక్కువ అద్దెకు పేదలు చెల్లించిన అసలు ధర ఈ ప్రాణభయమే.

1986లో మ్హాడా చట్టానికి ఒక అధ్యాయం చేర్చి, సెస్ భవనంలోని 70 శాతం నివాసులు కోరితే, నెల అద్దెకు వంద రెట్లు యజమానికి చెల్లించి ఆ భవనాన్ని సేకరించి వారి సహకార సంఘానికి అప్పగించే వీలు కల్పించారు. యజమానుల సంఘం దీనిని సవాలు చేసినది. ఈ వ్యాజ్యం నుండి తలెత్తిన రాజ్యాంగ ప్రశ్నపై 2024 నవంబరు 5న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెబుతూ, ప్రైవేటు ఆస్తి అంతా "సమాజ భౌతిక వనరు" కాజాలదని మెజారిటీ అభిప్రాయం ప్రకటించినది.

1999 చట్టం

1997 డిసెంబరులో మల్పే విశ్వనాథ్ ఆచార్య వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఒకనాడు సమంజసమైన అద్దె స్తంభన కాలక్రమంలో అసమంజసంగా మారినదని అభిప్రాయపడినది. చట్టం గడువు 1998 మార్చి 31తో ముగియనున్నందున దానిని కొట్టివేయలేదు. ఆ గడువును మరల పొడిగించి, తరువాత ప్రభుత్వం మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999ను రూపొందించినది. ఇది 2000 మార్చి 31 నుండి అమలులోకి వచ్చింది.

దీని ప్రకారం యజమాని ఏటా 4 శాతం అద్దె పెంచవచ్చు. 2000లో 100 రూపాయలున్న అద్దెను ఏటేటా పెంచుతూ పోయినా 25 సంవత్సరాలకు సుమారు 267 రూపాయలు మాత్రమే అవుతుంది కనుక పాత నివాసుల స్థితి పెద్దగా మారలేదు. బ్యాంకులు, ప్రభుత్వరంగ సంస్థలు, విదేశీ రాయబార కార్యాలయాలు, కోటి రూపాయలు లేదా అంతకుమించిన చెల్లింపు మూలధనం గల కంపెనీలు అద్దెకుండే స్థలాలను చట్టం నుండి మినహాయించారు. పగడీ తీసుకోవడం చట్టబద్ధమైనది. సంస్థలను వేరుచేసినా, సంపన్న కుటుంబాలను మాత్రం చట్టం వేరుచేయలేదు.

పునర్నిర్మాణం

అద్దెదారులను తొలగించలేని యజమానులు, బిల్డర్లకు 1991 నగరాభివృద్ధి నియమావళిలోని 33(7) నిబంధన, 1999లో దానికి చేసిన సవరణ మార్గం చూపాయి. సెస్ భవనాన్ని పడగొట్టి, ప్రతి అద్దెదారుకు ఉచితంగా సొంత ఇల్లు (కనీసం 225, గరిష్ఠం 753 చదరపు అడుగులు; ఈ పరిమితులు తరువాత పెరిగినవి) ఇస్తే, బిల్డరుకు అదనపు నిర్మాణ హక్కు లభిస్తుంది. ఆ అదనపు ఫ్లాట్లను మార్కెట్టులో అమ్ముకోవచ్చు.

ఫలితంగా ఒకే స్థలంలో రెండు భవనాలు లేస్తాయి. ఒకటి పాత నివాసుల భవనం, రెండవది సంపన్నులు కొనుక్కునే ఎత్తైన టవరు, తరచు రెండింటికీ వేర్వేరు ద్వారాలు. మిల్లు స్థలాలలో మాల్స్, కార్యాలయాలు వెలసిన లోయర్ పరేల్‌లో ఈ దృశ్యం సర్వసాధారణం. కాగితంపై చూస్తే ఇది వివిధ ఆదాయ వర్గాలు కలసి నివసించే పేట. అయితే కొత్త ఇంటికి లిఫ్టు, నీటి పంపు, పన్నుల నిమిత్తం నెలనెలా చెల్లించవలసిన నిర్వహణ ఖర్చు పాత అద్దెకు అనేక రెట్లు. దానిని భరించలేనివారు, లేదా వచ్చిన ధరకు ఆశపడినవారు, ఇల్లు అమ్మి శివార్లకు తరలిపోతారు. చట్టం రక్షణలో ఎనభై సంవత్సరాలు కదలని కుటుంబం, సొంత ఇల్లు వచ్చిన కొద్ది ఏళ్ళలో కదలడం అరుదు కాదు.

ఇతర నగరాలు

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 1980కి ముందు కట్టిన చిన్న భవనాలకు 1994లో అద్దె నియంత్రణను విస్తరించారు. రెబెకా డైమండ్, టిమ్ మెక్‌క్వేడ్, ఫ్రాంక్లిన్ చియన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దీనివలన పాత అద్దెదారులు తమ ఇంటిలోనే కొనసాగే అవకాశం గణనీయంగా పెరిగినది. అయితే యజమానులు ఇళ్ళను అమ్మకపు ఫ్లాట్లుగా మార్చడంతో అటువంటి భవనాలలో అద్దె ఇళ్ళ సరఫరా 15 శాతం తగ్గి, నగరంలో అద్దెలు సుమారు 5 శాతం పెరిగినవి. అమ్మకానికి మారిన ఇళ్ళలో అధిక ఆదాయం గలవారు చేరారు. ముంబై అనుభవానికి ఇది దగ్గరగా ఉన్నది, కాని ముంబైలో వలె అద్దె పూర్తిగా స్తంభించలేదు.

హైదరాబాదులో పరిస్థితి వేరు. ఆంధ్ర ప్రాంతంలో అమలులో ఉన్న మద్రాసు చట్టం, తెలంగాణలో అమలులో ఉన్న హైదరాబాదు చట్టం స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం వచ్చింది. కొత్త భవనాలకు ఒక దశలో పది సంవత్సరాలు, 2005 సవరణతో పదిహేను సంవత్సరాలు మినహాయింపు లభించినది. అదే సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర చోట్ల 2,000 రూపాయలు మించిన అద్దెలు చట్ట పరిధి నుండి తొలగినవి. అందువలన నగరం విస్తరించిన పశ్చిమ ప్రాంతాలలోని నివాసాలను అద్దె నియంత్రణ దాదాపు తాకలేదు. పాత బజార్లలో తరాలుగా ఒకే కుటుంబం అద్దెకు నడిపే దుకాణాల విషయంలోనే దాని జాడ ఎక్కువగా కనిపిస్తుంది.